ఇత్తడి గ్లాసు, నీలం టబ్బు

జనవరి 19, సోమవారం. ఉదయం 5.40

మళ్ళీ రక్తం. వరసగా ఇది మూడో రోజు.

ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పాను. పురీషనాళం అనే మాట బోర్డు మీద రాసి, వెనక బెంచీలో కిసుక్కుమన్నవాళ్ళని నిలబెట్టి పదేసిసార్లు పలికించాను. డెబ్బై రెండేళ్ళు వచ్చాక నా పురీషనాళం సంగతి ఇంట్లో ఒక్కరికి చెప్పడానికి నోరు రావడం లేదు. కనీసం కాగితం మీదైనా పెడదామని ఈ డైరీ తీశాను. పెన్షనర్ల సంఘం వాళ్ళిచ్చింది. ఇందుకోసం ఇచ్చి ఉండరు.

మొలలు. మూలశంక అంటే కాస్త మర్యాదగా ఉంటుంది. ఏ పేరు పెట్టినా కూర్చోనివ్వవు. నాకివి కొత్త కాదు, యాభై ఏళ్ళుగా వచ్చిపోయే చుట్టాలే. ఇన్నాళ్ళూ రెండు రోజులుండి పోయేవి. ఈసారి పెట్టేబేడాతో దిగాయి.

ఎవరికి చెప్పను? కొడుకు హరికృష్ణకి చెబితే నరసరావుపేటలో ఉన్న హాస్పిటళ్ళన్నీ తిప్పుతాడు. కోడలు నాగలక్ష్మికి చెబితే ఏడుస్తుంది. మనవరాలు వర్షిణి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. పదిహేడు రోజుల పచ్చి బాలింత. ఇల్లంతా ఆ చంటిదాని చుట్టూ తిరుగుతున్నప్పుడు ముసలిదాని వెనకభాగం గురించి సభ పెట్టడం బాగుండదు.

ఆపరేషన్ చేయించుకోను. దీన్ని నేనే లొంగదీస్తాను. తొమ్మిదో తరగతి సి సెక్షన్‌ని లొంగదీసినదాన్ని.

జనవరి 21, బుధవారం

సత్తెనపల్లి వెళ్ళొచ్చాను. పాత సహోద్యోగి రామలక్ష్మిని చూడ్డానికని ఇంట్లో చెప్పాను. రామలక్ష్మి నిజంగానే ఉంది, సత్తెనపల్లిలోనే ఉంది, కాకపోతే నేను చూడలేదు. నరసరావుపేటలో ఆయుర్వేదం డాక్టర్లు లేక కాదు. ఇక్కడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వరండాలో నా పాత స్టూడెంట్ ఒకడుంటాడు. లేచి నిలబడి, మేడమ్ మీకేమైంది అని ఊరంతా వినబడేలా అడుగుతాడు.

బస్సులో సీట్లు ఖాళీ. నేను రాడ్ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టిస్తూ, ఏంది మామ్మా, ఫ్రీ అని మొహమాటమా, కూర్చోవచ్చులే అంది. డాక్టరు నడవమన్నాడమ్మా అన్నాను. బస్సులోనా అంది.

డాక్టర్ గోపాలకృష్ణయ్య గారు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మందు గురించి కాకుండా నా అలవాట్ల గురించి అరగంట అడిగారు. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారంటే నాలుగు అన్నాను. కారం ఎంత తింటారంటే మేం పల్నాడు వాళ్ళమండీ అన్నాను. నేనేమన్నా కాశీ నుంచి వచ్చానా అన్నారు. బాత్రూంలో ఎంతసేపు కూర్చుంటారంటే పేపరు అయ్యేదాకా అన్నాను. ఎడిటోరియల్ కూడానా అని అడిగి, రాసుకున్నారు.

తర్వాత కళ్ళజోడు తీసి ఒక షరతు పెట్టారు. టీచర్ గారూ, ఈ వయసులో రక్తం పడుతుంటే అది మొలలే అని నేనిక్కడ కూర్చుని చెప్పలేను, ఇంకోటి కూడా కావచ్చు, ముందు సర్జన్‌కి చూపించుకోండి, ఆయన మొలలే అంటే మిగతాది మనం చూసుకుందాం అన్నారు. చూపించుకున్నానండీ, మొలలే అన్నారు అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆయన నమ్మారు. టీచర్లని జనం ఇంకా నమ్ముతున్నారు.

నలభై రోజుల క్రమం రాసిచ్చారు. పచ్చళ్ళు, కారం బంద్. పది గ్లాసుల నీళ్ళు. మధ్యాహ్నం పల్చని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి. వారానికి మూడుసార్లు కంద. తోటకూర, బీరకాయ, జొన్నరొట్టె. పొద్దున నానబెట్టిన ఎండు ద్రాక్ష. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళతో ఒక చెంచా త్రిఫల చూర్ణం. పూటకి పావుగంట గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోవడం. కమోడ్ ముందు కాళ్ళ కింద పీట. రెండు పూటలా నడక. బాత్రూంలోకి పేపరు తీసుకెళ్ళకూడదు. అన్నిటికంటే చివరిదే కష్టం.

జనవరి 22, గురువారం

మజ్జిగన్నం, బీరకాయ కూర. జీవితం మీద ఆసక్తి తగ్గింది.

జనవరి 25, ఆదివారం

పండుమిరప రోజులు. నాగలక్ష్మి నిన్న రోట్లో కొరివికారం నూరింది. వేడి అన్నంలో కలిపి, నెయ్యి వేసి ముద్ద నా కంచంలో పెట్టబోయింది. ఏటా మొదటి ముద్ద నాది. ఇంటి ఆచారం. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇంట్లో అందరూ నన్ను చూశారు. పల్నాడులో డెబ్బై రెండేళ్ళ మనిషి కొరివికారం వద్దంటే డాక్టర్ని పిలుస్తారు.

ఏం చెప్పాలో తోచక, శివరాత్రి దాకా కారం ముట్టనని కోటప్పకొండకు మొక్కుకున్నాను, చంటిదాని కోసం అన్నాను.

నేను. దేవుడికి నమస్కారం పెట్టమంటే ముందు ఎవిడెన్స్ అడిగేదాన్ని. హరికృష్ణ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాగలక్ష్మి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మా అత్తయ్య పైకి అట్టా ఉంటది గానీ అంటూ మాచర్లలో ఉన్న వర్షిణి అత్తగారు పార్వతమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ కూడా కరిగిపోయిందట.

కంద విషయంలో మాత్రం తప్పించుకోలేకపోయాను. కూరగాయల బండి హజ్రా బీ నేను కంద కొనడం వారంలో ఇది రెండోసారని కనిపెట్టి, తూస్తూ నా వంక చూడకుండా, మా ఆయనకీ ఇట్టాగే ఉంటే ఇదే పెట్టా టీచరమ్మా, తగ్గింది, మజ్జిగ కూడా తాగు అంది. ఒక ముక్క ఎక్కువేసింది.

జనవరి 28, బుధవారం

వర్షిణి పథ్యం నా ఆధ్వర్యంలోనే నడుస్తోంది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాయం ఉండ. ఆకుకూర లేదు, మజ్జిగ లేదు. కాచి చల్లార్చిన నీళ్ళు ఇత్తడి గ్లాసుతో రోజుకి మూడు. ఆ గ్లాసు రాజుపాలెంలో మా అమ్మది. 1976లో హరికృష్ణ పుట్టినప్పుడు మా అమ్మ నాకు దాంతోనే కొలిచి పోసింది. నాగలక్ష్మికి రెండో కాన్పు ఈ ఇంట్లో జరిగినప్పుడు నేను దాంతోనే కొలిచాను. ఇప్పుడు దీనికి. అరచేతిలో పట్టేంత గ్లాసు.

మధ్యాహ్నం ఇంకో గ్లాసు ఇవ్వు నాయనమ్మా, గొంతు ఎండుకుపోతాంది అని అడిగింది. ఏమే, బాలింతవి, పొట్ట దిగజారిపోద్ది, ఓర్చుకో అన్నాను. బీటెక్ చదివింది, హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, అయినా నోరెత్తలేదు. నేను పెంచిన పిల్ల.

సాయంత్రం పార్వతమ్మ ఫోన్. పిన్నిగారూ, మా కోడలికి నీళ్ళు ఎక్కువ పోయటం లేదు కదా, ఈ కాలం పిల్లలు బాటిళ్ళు బాటిళ్ళు తాగుతారు అంది. మా ఇంట్లో ఆ ఆటలు సాగవమ్మా అన్నాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లో గోడ వైపు తిరిగి నా ఎనిమిదో గ్లాసు తాగాను. నాది వైద్యం. దానిది పథ్యం. రెండూ వేరు.

జనవరి 30, శుక్రవారం

టబ్బు కొన్నాను. నీలం రంగు, వెడల్పుది. చంటిదానికి నీళ్ళు పోయడానికన్నాను. దానికి టబ్బుందిగా అత్తయ్యా అంది నాగలక్ష్మి. పిల్ల పెరగదా అన్నాను. దీన్లో పట్టాలంటే పదో క్లాసుకి రావాల అంది. ఈమధ్య దానికీ మాట పదునెక్కింది.

బాత్రూం గడియ పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో నా ఒంటికి మర్యాద చేసినట్టుంది.

వంటింటి పీట బాత్రూంలో ఏం చేస్తోందని కూడా అడిగింది. వినబడనట్టు ఊరుకున్నాను. వయసు వల్ల ఆ సౌకర్యం ఒకటి.

ఫిబ్రవరి 2, సోమవారం

ఎనిమిది రోజులుగా రక్తం లేదు. ఈ పూట ముగ్గురు పిల్లలు క్రికెట్ ఆడుతున్న గ్రౌండు చుట్టూ ఆరు రౌండ్లు నడిచాను. ఆపరేషన్ ఏమిటి, సర్జన్ ఏమిటి. క్రమశిక్షణ ఉండాలి మనిషికి.

ఒకటే అనుమానం. త్రిఫల డబ్బా ఉండాల్సిన దానికంటే ఖాళీగా ఉంది. నా లెక్కకు పన్నెండు చెంచాలు తగ్గాలి. సగానికి పైగా తగ్గింది.

ఫిబ్రవరి 4, బుధవారం

మొన్న రాత్రి డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టాను. ఈ రాత్రి చూస్తే గీత కింద నాలుగు చెంచాలు ఎక్కువే దిగింది. ఇంట్లో ఎవరో నా చూర్ణం తింటున్నారు. నాగలక్ష్మి అయ్యుండాలి. ముఖానికి ప్యాక్ వేసుకుంటోందేమో. యూట్యూబ్‌లో అన్నీ ముఖానికే రాయమంటారు.

ఫిబ్రవరి 5, గురువారం

చంటిదానికి విరేచనాలు. పొద్దుటి నుంచి ఏడుసార్లు. నాగలక్ష్మి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. పార్వతమ్మ ఫోన్ చేసి, ఎవరో నా కోడలికి ఆకుకూర పెట్టుంటారు, లేకుంటే నీళ్ళు ఎక్కువ పోసుంటారు, తల్లి తిన్నది పాలల్లో దిగదా అని అరిచింది. అరుపులో న్యాయముందనిపించింది.

వర్షిణికి నీళ్ళు రెండు గ్లాసులు చేశాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం. మధ్యాహ్నం 12

పిల్లల డాక్టరు చూశాడు. భయం లేదు, పాలు ఆపొద్దు, తల్లి ఏమన్నా మందు వాడుతోందా అని అడిగాడు. పథ్యం తప్ప ఏమీ లేదని నేనే చెప్పాను. ఓఆర్ఎస్ పొట్లం రాసి, రేపటికి తగ్గకపోతే తీసుకురమ్మన్నాడు.

వర్షిణి రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. రెండు ముద్దలు తిని కంచం తోసేస్తోంది. పాలు తగ్గాయి. ఈ పూట పిల్లకి పాలిస్తుంటే గుమ్మంలోంచి చూశాను. మంచం అంచున, ఎడమ తొడ మీద బరువంతా వేసి, కుడి వైపు గాల్లో పెట్టి కూర్చుంది. పళ్ళు బిగించి ఉంది. పిల్ల ఏడిస్తే లేచి నిలబడి పాలిచ్చింది.

ఆ కూర్చోవడం నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

సాయంత్రం 4

తలుపు గడియ పెట్టి, దాని ఎదురుగా డబ్బా పెట్టాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

ఏడ్చింది. పది రోజుల నుంచట. వెళ్ళాలంటే గాజుపెంకుల మీద కూర్చున్నట్టు ఉంటుందట. రక్తం కూడా పడిందట. వెళ్ళే భయానికి తినడం మానేసింది. బాత్రూంలో అద్దం వెనక ఈ డబ్బా కనబడితే ఫోన్‌లో చూసి, ఇదేదో పనికొస్తుందని రోజుకి రెండేసి చెంచాలు మింగింది. పాలల్లోకి వెళ్తుందని తట్టలేదు. నా పిల్లకి నేనే చేశానా నాయనమ్మా అని ఒకటే ఏడుపు.

నాతో చెప్పకూడదా అన్నాను. చెబితే తిడతావుగా అంది. అమ్మతో? అమ్మ నీతో చెబుద్దిగా అంది.

తర్వాత ముక్కు తుడుచుకుని, అయినా ఈ డబ్బా ఎవరిది అని అడిగింది.

డాక్టర్ల ముందు అబద్ధమాడాను, బస్సులో ఆడాను, దేవుడి పేరు పెట్టి ఆడాను. ఈ పిల్ల ముందు ఇంక ఆడలేకపోయాను. నాదే అన్నాను. అంతా చెప్పాను. సత్తెనపల్లి, టబ్బు, పీట, నిలబడి చేసిన బస్సు ప్రయాణం. అది నా వంక చాలాసేపు చూసి, మరి కోటప్పకొండ మొక్కు అంది. చెప్పాను. ఏడుస్తున్నది ఏడుస్తూనే నవ్వింది. నవ్వితే నొప్పెడతాంది, ఆపు నాయనమ్మా అంది.

నాకు నవ్వు రాలేదు. కిటికీలో ఆ ఇత్తడి గ్లాసు ఉంది.

పెద్దపేగు నీటిని పీల్చుకుంటుంది. ఒంట్లో నీళ్ళు చాలకపోతే ఇంకా పీల్చుకుంటుంది, మలం రాయి అవుతుంది. ముప్పై ఒక్క బ్యాచ్‌లకి ఈ పాఠం చెప్పాను. బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నాను. తప్పు గుర్తించినవాళ్ళ చేత యాభైసార్లు రాయించాను. స్కూల్లో ఆ బొమ్మ గీసి, ఇంటికొచ్చి పాలిచ్చే పిల్లలకి ఈ గ్లాసుతో నీళ్ళు కొలిచాను. ఒకే తలకాయలో ఈ రెండూ ఇన్నేళ్ళు ఒకదానికొకటి తెలియకుండా కాపురం చేశాయి.

నాకు మొదటిసారి ఇది వచ్చింది 1976లో. హరికృష్ణకి నెల నిండని రోజుల్లో. మా అమ్మ రెండు గ్లాసులు పోసేది. నేనూ ఎవరితో చెప్పలేదు.

ఈ పది రోజులూ గోడ వైపు తిరిగి పది గ్లాసులు తాగాను. వెనక గదిలో అది దాహమని అడుగుతుంటే.

కూజా నిండా నీళ్ళు తెచ్చి దాని మంచం పక్కన పెట్టాను. ఇంక ఇది నీది, నువ్వు అడగక్కర్లేదు అన్నాను. మూడు గ్లాసులు గుక్క తిప్పకుండా తాగింది. చిన్న గ్లాసులు కావు.

డాక్టర్ గోపాలకృష్ణయ్య గారికి ఫోన్ చేశాను. చూర్ణం వెంటనే ఆపించమన్నారు. పాలిచ్చే తల్లి డాక్టర్ని అడక్కుండా ఏ చూర్ణమూ మింగకూడదు, ఆయుర్వేదం కూడా మందేనమ్మా, పిప్పరమెంటు కాదు అన్నారు. ఆపితే పిల్లకి సర్దుకుంటుందనీ, అయినా పిల్లల డాక్టరుకి ఈ మాట ఇప్పుడే చెప్పమనీ, తల్లిని డాక్టరుకి చూపించమనీ చెప్పారు. మీ సర్జన్ ఎవరో ఆయనకే చూపించండి అన్నారు.

నాకు సర్జన్ ఎవరూ లేరండీ అన్నాను.

టీచర్ గారూ, మీరే కాపీ కొట్టారన్నమాట అన్నారు.

పిల్లల డాక్టరుకి కూడా ఫోన్ చేసి నిజం చెప్పాను. పొద్దున నేను చెప్పింది తప్పని నా నోటితో చెప్పాను.

ఫిబ్రవరి 7, శనివారం

చంటిదానికి రెండుసార్లే. రంగు మామూలుగా ఉంది. హమ్మయ్య.

నాగలక్ష్మికి చెప్పాను. వర్షిణి సంగతి, నా సంగతి. వంటింట్లో తోటకూర కాడలు గిల్లుతూ విన్నది. గిల్లడం ఆపలేదు. అంతా అయ్యాక, మీకొక్కరికే ఉందనుకున్నారా అత్తయ్యా అంది.

లేచి వెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి గట్టు మీద పెట్టింది. చిన్నోడు, వర్షిణి తమ్ముడు, పుట్టినప్పటి నుంచట. ఇరవై రెండేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే బాత్రూంలో, ఒకరి తర్వాత ఒకరం గడియ పెట్టుకున్నాం.

అప్పుడు నీకు నీళ్ళు కొలిచింది నేనే అన్నాను. అవును అంది. తప్పు నాది అన్నాను. ఈ మాట నేను ఆఖరుసారి ఎవరితో అన్నానో గుర్తు లేదు. నాగలక్ష్మి నన్ను నాలుగు మాటలని ఉంటే బాగుండేది. అనలేదు. ఇప్పుడా గ్లాసేం చేద్దాం అని అడిగింది.

గ్లాసు నా టేబుల్ మీదకి వచ్చింది. పెన్నులు పెట్టుకున్నాను. నాలుగు పెన్నులకే ఇరుకైంది. అంత చిన్నది.

ఫిబ్రవరి 9, సోమవారం

హరికృష్ణ కారు తీశాడు. ముగ్గురు ఆడవాళ్ళం, ఒడిలో చంటిది. ఎందుకని అడిగాడు. లేడీస్ ప్రాబ్లమ్ అంది నాగలక్ష్మి. ముగ్గురికీనా అన్నాడు. రోడ్డు చూసి నడుపు అన్నాను.

హాస్పిటల్ హాల్లో కుర్చీలు వరసగా ఖాళీ. మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. సిస్టర్ రెండుసార్లు కూర్చోమంది. మూడోసారి మా ముఖాలు చూసి, ఓ, పైల్సా అంది. హాలంతా వినబడింది. అనుకున్నట్టే మూల నుంచి ఒకతను లేచి నిలబడి, మేడమ్ బాగున్నారా, నేను బసవపున్నయ్యని, 94 బ్యాచ్ అన్నాడు. ఎందుకొచ్చావురా అన్నాను. తల వంచుకుని, అదేనండి అన్నాడు. కారం మానెయ్యి, నీళ్ళు తాగు అన్నాను. ఇరవై రోజుల కింద ఈ మాట భూమి చీలినా అనేదాన్ని కాదు.

సర్జన్ డాక్టర్ నందిని, నాగలక్ష్మి ఈడుది. వర్షిణికి మొలలు కాదు, మలద్వారం దగ్గర చీలిక. నీళ్ళు, ఆకుకూరలు, టబ్బు, పాలిచ్చేవాళ్ళకి పనికొచ్చే సిరప్పు, పూత మందు. కోత అవసరం లేదు. నాగలక్ష్మికి మొదటి దశ. నాకు రెండో దశ, ఇదే క్రమం కొనసాగించమంది. ఆయుర్వేదం డాక్టరు రాసిన కాగితం చూపించాను. పథ్యమంతా చదివి, నేనూ ఇదే చెబుతాను, నాది ఎవరూ పాటించరు అంది.

కానీ కెమెరా పరీక్ష చేయించుకోవాలంది. ఈ వయసులో కొత్తగా రక్తం ఎక్కువైతే లోపల చూడకుండా వదలకూడదట. ఇంకోటి కాదని తేలాలట. ఆ ఇంకోటి పేరు ఎవరూ పలకలేదు. నేను పలికాను. పేరు పెట్టకుండా ఏ పాఠమూ చెప్పలేదు నేను. వర్షిణి నా చెయ్యి పట్టుకుంది.

ఫిబ్రవరి 12, గురువారం

రేపే పరీక్ష. కడుపు ఖాళీ చేసే మందు ఇచ్చారు. నలభై రోజుల త్రిఫల ఒక్క మధ్యాహ్నంలో తాగినట్టుంది.

భయంగా ఉంది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

లోపల ఏమీ లేదు. మొలలే.

మొలలు అన్నందుకు ఇంత సంబరపడిన మనిషి ఉండి ఉండదు.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి

నాగలక్ష్మి వదల్లేదు. మొక్కుకోలేదని చెప్పినా, నోటితో అన్నారుగా, ఆయన వినే ఉంటాడు అంది. ఇవ్వాళ జనంలో వద్దని, వచ్చే వారం వెళ్దామని ఒప్పించాను. మెట్లెక్కడం మంచిదే. నడక లెక్కలోకి వస్తుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

మాచర్ల నుంచి పార్వతమ్మ దిగింది, చెప్పకుండా. సరిగ్గా వర్షిణి తోటకూర పప్పుతో అన్నం తిని పెద్ద గ్లాసుడు మజ్జిగ తాగుతుండగా గుమ్మంలో నిలబడింది. పచ్చి బాలింతకి మజ్జిగ పోస్తారా, అందుకే పిల్లకి అట్టా అయింది, పెద్దమనిషివి, చదువుకున్నదానివి, ఏంది పిన్నిగారూ ఇదంతా అని చేతిసంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

కూర్చోమన్నాను. సోఫా అంచున, ఒక పక్కకి కూర్చుంది.

మొత్తం చెప్పాను. ఏ మాటా తిప్పలేదు. చీలిక అన్నాను, రక్తం అన్నాను, మలం అన్నాను. నా కోడలికీ నాకూ ఎన్నేళ్ళుగా ఉందో చెప్పాను. పిల్లకి విరేచనాలు మజ్జిగ వల్ల కాదు, దాని తల్లి దాహమంటే నీళ్ళివ్వని ఈ ముసలిదాని వల్ల అన్నాను. నీ కోడలు ఇట్టాగే తింటది, ఇట్టాగే తాగుద్ది, మీ ఇంటికొచ్చాక కూడా, మాట ఇస్తేనే పంపిస్తా అన్నాను.

ఛీ, ఇట్టాంటివన్నీ నోటితో చెబుతారా అంది. కాఫీ సగమే తాగింది. మాట మాత్రం ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు చంటిదాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టి, పాపకి బుగ్గలొచ్చినయ్యే అంది. అది మాత్రం నిజం.

మార్చి 2, సోమవారం

నలభయ్యో రోజు. రక్తం లేదు. బస్సులో కూర్చుని సత్తెనపల్లి వెళ్ళాను. కండక్టరమ్మ వేరే మనిషి, ఈ విజయం ఎవరికీ తెలియలేదు. డాక్టర్ గారు నాడి చూసి, ఇంకేముంది, ఇక పచ్చళ్ళు మొదలుపెట్టొచ్చు అంటారని ఎదురుచూశాను. అనలేదు. జీవితాంతం అన్నారు. నెలకో చెంచా కొరివికారానికి బేరమాడాను. ఉగాదికి ఒకసారి అన్నారు. ఆయన కూడా పల్నాడు మనిషే. ఒప్పుకున్నాను.

ఈసారి రామలక్ష్మిని నిజంగానే చూశాను. అబద్ధం సగం సరిచేసుకున్నట్టయింది. ఎట్లా ఉన్నావే అని అడిగితే చెప్పాను. నాక్కూడానే అంది.

మార్చి 25, బుధవారం

మూడో నెల. వర్షిణిని అత్తారింటికి పంపించాం. భర్త వంశీ కారు తెచ్చాడు. సారె సర్దుతుంటే నాగలక్ష్మి చలిమిడి బిందె పక్కన, అరిసెల డబ్బా పక్కన ఒక కొత్త టబ్బు పెట్టింది. నీలం. అంచుకి పసుపు రాసి నాలుగు వైపులా కుంకుమ బొట్లు పెట్టింది. వంశీ దాన్ని చూసి, పాపకేగా అన్నాడు. వర్షిణి నా వంక చూసింది. నేను నోరు తెరవబోయాను. అదే ముందు చెప్పింది, నాకు, అని, అతని కళ్ళల్లోకి చూస్తూ, తల వంచకుండా.

అతను డిక్కీ తెరిచి టబ్బు ముందు పెట్టాడు, మిగతావి దాన్లో సర్దాడు.

ఏప్రిల్ 2, గురువారం. మధ్యాహ్నం 2.15

పార్వతమ్మ ఫోన్. చంటిది బాగుందట. కోడలు బాటిళ్ళు బాటిళ్ళు తాగుతోందట. చానాసేపు ఎండల గురించి మాట్లాడింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు వినబడింది. గొంతు తగ్గించి, పిన్నిగారూ, ఆ టబ్బు ఎక్కడ కొన్నారు అంది.

నీలం అయిపోయాయి, ఎరుపు ఫర్లేదా అని అడిగాను.